నలభై రెండు తలకాయలు

ఆ రోజుల్లో నాకు జీతం కొత్త, రోజూ చీర కట్టుకోవడం కొత్త, వెనకనుంచి ఎవరైనా "మేడమ్" అని పిలిస్తే ఆ మేడమ్ ఎవరా అని నేను కూడా వెనక్కి తిరిగి చూసేంత కొత్త. వయసు ఇరవై మూడు. కాగితం మీద గళ్ళు గీసి, గళ్ళల్లో టైములు వేసి, కింద సంతకం పెట్టేస్తే లోకం ఆ గళ్ళల్లోంచే నడుచుకుంటూ పోతుందని గట్టిగా నమ్మే వయసు. (ఆ నమ్మకం ఇప్పటికీ పూర్తిగా పోలేదని మా ఆయన అంటారు. ఫ్రిజ్ మీద నేను అతికించిన కూరల పట్టిక చూసి ఆయన అలా అంటారు గానీ, ఆ పట్టికే లేకపోతే మా ఇంట్లో వారానికి ఐదు రోజులు బంగాళాదుంపలే.)

మాది విజయనగరం. తాతగారి కాలం నుంచి ఇంట్లో సంగీతమే. అమ్మ చుట్టుపక్కల పిల్లలకి గీతాలూ వర్ణాలూ నేర్పేది. నా గొంతు పాటకి పనికిరాదని తొమ్మిదో ఏటనే తేలిపోయింది కాబట్టి వంశపారంపర్యంగా నాకు దక్కింది తాళం ఒక్కటే. ఏది లెక్కపెట్టాలన్నా తొడ మీద ఆదితాళం వేసుకుంటూ ఎనిమిదేసి చొప్పున లెక్కపెట్టడం నాకు చిన్నప్పటి నుంచీ అలవాటు. ఆ ఆస్తితో, చేతిలో ఎమ్మే పట్టాతో, నరసన్నపేటలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో చరిత్ర చెప్పడానికి చేరాను. ప్రిన్సిపాలు గారిని చంకలో అటెండెన్సు రిజిస్టరు లేకుండా చూసిన వాళ్ళెవరూ లేరు. అందుకే పిల్లలు ఆయనకి "హాజరు గారు" అని పేరు పెట్టుకున్నారు. ఏటా వానలు వెనకబట్టాక సీతంపేట కొండల్లోకి విహారయాత్ర తీసుకెళ్ళడం ఆ కాలేజీ ఆనవాయితీ. ఆ ఏడు కామర్సు మాస్టారికి ఘాటీ రోడ్డు పడదని డాక్టరు చెప్పాడట, తెలుగు మాస్టారికి ఇంట్లో వ్రతం, లెక్కల మాస్టారికి కారణం చెప్పే అవసరం కూడా కనపడలేదు. ఇన్‌చార్జి బాధ్యత నాకు వచ్చింది. అది నా ప్రతిభకి గుర్తింపు అనుకున్నాను. (ఆ రోజు స్టాఫ్ రూములో అందరూ పోటీపడి నాకు టీ ఇప్పించారు. అప్పుడైనా అనుమానం రావలసింది.)

మూడు రోజులు కూర్చుని కార్యక్రమ పట్టిక తయారుచేశాను. తొమ్మిది ముప్పై అయిదు నుంచి పది ఇరవై వరకు జలపాతం, ప్రకృతి ఆస్వాదన. పది ఇరవై నుంచి పదిన్నర వరకు సందేహాలు. పన్నెండూ పది నుంచి పన్నెండున్నర వరకు గోడల మీద సవర గిరిజనుల బొమ్మలున్న ఊరు. రెండు నుంచి రెండూ నలభై వరకు ఆడలి కొండ మీద వ్యూ పాయింటు, గ్రూపు ఫొటో, బ్రాకెట్లో "నవ్వుతూ". పిల్లలు నలభై రెండు మంది. తోడు వ్యాయామ ఉపాధ్యాయుడు. ఆయన మెడలో ఈల తీయకుండానే భోంచేస్తాడు కాబట్టి ఆయన ఈల మాస్టారు. బస్సు అద్దెది. డ్రైవరుది సాలూరు. ముప్పై ఏళ్ళు లారీ నడిపి, కళ్ళజోడు వచ్చాక బస్సుకి మారిన మనిషి. ఆయన్ని ఆడా మగా అందరూ "మావ" అనే పిలిచేవారు. నా పట్టిక కాపీ ఒకటి ఆయనకీ ఇచ్చాను. కళ్ళజోడు పెట్టుకుని మొదటి నుంచి చివరి దాకా చదివి, మడిచి నా చేతిలో పెట్టి, "అంతా బాగానే ఉన్నాది గానమ్మా, ఘాటీకి ఈ కాయితం సూపించినారేటి?" అన్నాడు.

ఇక్కడ ఒక అమ్మాయి గురించి చెప్పాలి. రెండో సంవత్సరం. అసలు పేరు ఎందుకులెండి, కాలేజీలో వాచ్‌మాన్‌తో సహా అందరూ "డౌటు" అనే పిలిచేవారు. నా మొదటి క్లాసులోనే లేచి నిలబడి, "అశోకుడు కళింగ యుద్ధం తర్వాత అంత బాధపడ్డాడు కదా మేడమ్, మరి గెలిచిన ఊళ్ళు మనోళ్ళకి తిరిగిచ్చేశాడా?" అని అడిగింది. రేపు చెబుతానన్నాను. (ఇంకా చెప్పలేదు.) యాత్ర రోజు తెల్లవారగానే వాళ్ళ నాన్న పొలం పనికి వెళ్ళే బట్టల్లోనే కూతుర్ని బస్సు దాకా తీసుకొచ్చి, టిఫిన్ క్యారియరు అందించి, నా దగ్గరికి వచ్చాడు. "మా గుంటకి నోరొక్కటే ఎక్కువమ్మగోరు, మిగతాదంతా మంచిదే. మీ సేతిలో ఎడతన్నాను," అన్నాడు. అంత పెద్ద మనిషి నన్ను "అమ్మగోరు" అనేసరికి వెన్నెముక దానంతటదే నిటారైపోయింది. ఏం భయం లేదండీ, అంతా పట్టికలో ఉంది అన్నాను.

జలపాతం దగ్గరికి మేము చేరింది పదకొండింటికి. సందేహాల సమయం దారిలోనే దాటిపోయింది. అయినా నేను వదలలేదు. ఒక బండ ఎక్కి, ఈ కొండల చరిత్ర మీద రాసుకొచ్చిన ఆరు పేజీల ఉపన్యాసం మొదలుపెట్టాను. నీళ్ళ హోరులో నా గొంతు నాకే వినపడలేదు. పిల్లలు మాత్రం చాలా శ్రద్ధగా నావైపు చూస్తున్నారు. తర్వాత తెలిసింది, వాళ్ళు చూస్తున్నది నా కాలి కింద పాచిని. మేడమ్ ఎప్పుడు జారుతుందా అని పందెం కూడా వేసుకున్నారట. రెండో పేజీ మధ్యలో జారాను. నడుములోతు మడుగులో, గంజిపెట్టి ఇస్త్రీ చేసిన నేత చీరతో, కూర్చున్న భంగిమలోనే దిగాను. మిగతా నాలుగు పేజీలూ ప్రవాహంలో కలిసిపోయాయి. ఈల మాస్టారు పెద్దమనిషి తరహాగా ముఖం అటు తిప్పుకుని, తన నీలం ట్రాక్‌సూట్ జాకెట్టు తీసి ఇచ్చాడు. తడి చీర మీద ఆ జాకెట్టు వేసుకుని, జిప్పు మెడ దాకా లాక్కుని, ఏమీ జరగనట్టు అందరినీ బస్సెక్కించాను.

బొమ్మల ఊళ్ళో ఇరవై నిమిషాలు అనుకున్నది గంట పట్టింది. చిన్న ఊరు. ఎర్రమట్టితో అలికిన గోడల మీద తెల్లటి పిండితో గీసిన సన్నసన్నని మనుషులు, ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని వరసలు వరసలుగా. మధ్యలో ఏనుగు, నెమలి, చెట్టెక్కి కల్లు గీస్తున్నవాడు, పక్కనే సైకిలు మీద పోతున్నవాడు కూడా. ఒక ఇంటావిడ మా కోసం పుల్ల కొన నలిపి పిండిలో ముంచి ఎలా గీస్తారో చూపించింది. పిల్లలంతా ఫొటోలు తీసుకుని అటూ ఇటూ చెదిరిపోయారు. నాకు మాత్రం తడి చీర, వెనకబడిన గంట తప్ప మరో ధ్యాస లేదు. చెదిరిన వాళ్ళని పోగుచేయడానికి ఈల మాస్టారు ఒక వీధిలోకీ నేను ఇంకో వీధిలోకీ వెళ్ళాలని ప్లాను వేశాం. కానీ బస్సు దగ్గర కూడా ఒకరు ఉండాలి కదా అని ఆయనే రెండు వీధులూ తిరుగుతానని, ఈల నాకిచ్చి వెళ్ళాడు. నేను బస్సు మెట్టు పక్కన నిలబడ్డాను. భుజానికి సంచీ, చేతిలో అట్టకి తగిలించిన కాగితాలు, నోట్లో ఈల. ఒక్కొక్కరూ ఎక్కుతుంటే తొడ మీద తాళం. ఎనిమిది ఐదులు నలభై, పైన రెండు. లెక్క మధ్యలో ఎవరో ఏదో అడిగారు. నోట్లో ఈల ఉంది, తొడ మీద ఐదో దెబ్బ నడుస్తోంది. తలూపాను. ఐదు ఆవర్తాలు పూర్తయ్యాయి, మీద రెండు దెబ్బలు పడ్డాయి. ఈల గట్టిగా ఊది, "పోనివ్వండి మావా" అన్నాను. తాళం తప్పనందుకు ఆ క్షణంలో అమ్మ గుర్తొచ్చి గర్వంగా కూడా అనిపించింది.

ఆడలి కొండ ఎక్కేసరికి మబ్బులు మా కంటే కిందుగా ఉన్నాయి. పొద్దున్నుంచీ లేని సిగ్నలు అక్కడ వచ్చింది. బస్సు దిగకముందే హాజరు గారి ఫోను. క్షేమసమాచారాలు ఆయన ఎప్పుడూ అడగరు, అంకె అడుగుతారు. నలభై రెండు సార్ అన్నాను. మరో నిమిషంలో తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులో "నలభై రెండు మంది పిల్లలూ క్షేమం" అని ఆయన సందేశం, దాని కింద అందరికంటే ముందు డౌటు వాళ్ళ నాన్న పెట్టిన రెండు చేతులు జోడించిన బొమ్మ. నేను ఫోను సంచిలో పడేసి, గ్రూపు ఫొటోకి పిల్లల్ని వరసల్లో నిలబెట్టే పనిలో పడ్డాను. అప్పుడు బస్సులోంచి ఒక మామ్మ దిగింది. కళ్ళు నులుముకుంటూ, నెత్తిన అనాసపళ్ళ బుట్టతో దిగి, చుట్టూ కొండల్నీ మబ్బుల్నీ మావైపూ చూసి, తిన్నగా నా దగ్గరికి వచ్చింది.

"ఇదేటమ్మా, సంతేది?"

ఏ సంత మామ్మా అన్నాను, కొంచెం వేదాంతం కూడా కలిపి.

"సీతంపేట సంత. ఈ బస్సు ఎల్తాదా అంటే తలూపినావు కదేటి. కండట్రువి నువ్వే కదా?"

ఆవిడ మా బస్సు ఎక్కడం నేను తప్ప అందరూ చూశారు. మేడమ్ జాలిపడి ఎక్కించిందని పిల్లలు అనుకున్నారు. మేడమ్‌కి బంధువేమోనని మావ అనుకున్నాడట. (మా వంశంలో ఎవరూ అనాసపళ్ళు అమ్మలేదని ఆయనకి చెప్పేంత తీరిక అప్పుడు నాకు లేదు.) నేను మామ్మకి క్షమాపణ చెబుతూ ఉంటే ఈల మాస్టారు నవ్వుతూ వచ్చి, అయితే మనం నలభై ముగ్గురం అన్నమాట మేడమ్ అన్నాడు. నేనూ నవ్వుతూ తలూపబోయాను. తల సగంలో ఆగిపోయింది. బస్సెక్కినవి నలభై రెండు తలలు. అందులో ఒకటి ఈ మామ్మది.

పేర్లు పిలవడం మొదలుపెట్టాను. అది పొద్దున్నే చెయ్యవలసిన పని. ప్రతి పేరుకీ ఒక "ఎస్ మేడమ్" వస్తుంటే ప్రాణం ఒక్కో మెట్టూ పైకి వస్తోంది. డౌటు పేరు దగ్గర ఎవరూ పలకలేదు. ఆమె పక్క సీటు పిల్లని అడిగాను. పొద్దున కిటికీ కోసం ఇద్దరికీ గొడవైందట, అలిగి వెనక్కి పోయి కూర్చుందనుకుందట. మీ సేతిలో ఎడతన్నాను అన్న గొంతు చెవిలో మోగింది. సంచిలో ఫోను, ఫోనులో రెండు చేతులు జోడించిన బొమ్మ. హాజరు గారికి ఫోను చెయ్యాలని బయటికి తీసి, మళ్ళీ లోపల పెట్టాను. ముందు పిల్ల కనపడాలి. ఆ ఊళ్ళో సిగ్నలు లేదు, అడగడానికి కూడా వీల్లేదు. అందరినీ బస్సెక్కించాను. ఈసారి పేర్లు చదివి, ముఖాలు చూసి.

మావ ఆ ఘాటీ దిగిన తీరు చూస్తే ముప్పై ఏళ్ళ లారీ అనుభవం దేనికి పనికొస్తుందో తెలిసింది. నేను ముందు సీట్లో కూర్చుని జాకెట్టు చేతులతో కళ్ళు తుడుచుకుంటున్నాను. లెక్చరర్ ఏడవకూడదని నాకు తెలుసు. ఆ సంగతి కళ్ళకి తెలియదు. ఉద్యోగం పోతుందన్న భయం మొదటి మలుపు దాకానే ఉంది. ఆ తర్వాత మిగిలింది ఆ పిల్ల ఎక్కడుందో, మమ్మల్ని వెతుక్కుంటూ ఏ అడవి దారి పట్టిందో అన్న భయం ఒక్కటే. మామ్మ తన బుట్ట పిల్లల కాళ్ళ మధ్యకి తోసి, వచ్చి నా పక్కన కూర్చుంది. సంత పోయినందుకు తిడుతుందనుకున్నాను, తిట్టినా పడవలసిందే. ఆవిడ నా ముఖంలోకి వంగి చూసింది.

"తప్పిపోనాది ఆ గుంటయితే నువ్వేడుస్తన్నావేటి? అదేటి అడివనుకున్నావా బుల్లీ, మా ఊరు."

నిజమే. నా పట్టికలో ఆ ఊరు ఇరవై నిమిషాల గడి. అందులో పొయ్యిలూ, అన్నం గిన్నెలూ, పరాయి పిల్లకి మంచినీళ్ళిచ్చే మనుషులూ ఉంటారని నాకు తట్టలేదు. ఏ ఇంటి దగ్గర చివరిసారి చూశావని మామ్మ అడిగింది. బొమ్మలు గీసి చూపించిన ఆవిడ ఇల్లు అన్నాను. అది తన చెల్లెలి కోడలి ఇల్లేనట, అక్కడైతే పిల్ల కడుపు నిండే ఉంటుందట. తర్వాత నావైపు తిరిగి, "అయితే నన్నూ లెక్కేసినావన్నమాట. నానే తరగతి మరి?" అంది. రెండో సంవత్సరం మామ్మా అన్నాను ఏడుస్తూనే. వెనక సీట్లలో ఎవరో ఫక్కున నవ్వారు. నాకూ నవ్వొచ్చింది, దాంతో ఏడుపు ఇంకా ఎక్కువైంది.

బస్సు ఆగకముందే దూకి పరుగెత్తాను. అదే ఇల్లు, అదే అరుగు. డౌటు గోడ ముందు మోకాళ్ళ మీద కూర్చుని ఉంది, మోచేతుల దాకా తెల్లటి పిండి. పక్కన తిని కడిగేసిన పళ్ళెం. నా అడుగుల చప్పుడుకి తిరిగి చూసింది. నా ముఖంలో ఏం కనపడిందో తెలియదు, కంగారుగా లేచింది.

"అప్పుడే ఇరవై నిమిషాలు అయిపోయిందా మేడమ్?"

బస్సు వెళ్ళిపోయిన సంగతే ఆ పిల్లకి తెలియదు. వెనక దొడ్డివైపు గోడకి పిండి కలుపుతుంటే చూడ్డానికి వెళ్ళిందట, అక్కడ ఒక డౌటు వచ్చిందట, దానికి జవాబు చెబుతూ ఉంటే ఇంకొకటి వచ్చిందట. నేను తిట్టాలనే నోరు తెరిచాను. దారంతా వాక్యాలు కూడా కట్టుకున్నాను. వచ్చింది మాత్రం ఏడుపే. అరుగు మీద కూలబడి ఆ పిల్ల చెయ్యి పట్టుకున్నాను, నా చేతులకి కూడా పిండి అంటింది. ఇంటావిడ లోపలినుంచి మంచినీళ్ళ చెంబుతో వచ్చి, నా ఎదురుగా నిలబడింది. "తీసుకెల్లండమ్మా. మంచి గుంటే గానీ, వచ్చిన కాణ్ణుంచి ఒకటే అడగడం. ఈ బొమ్మలకి ముక్కూ మొకం ఎందుకు నేవంటాది, ఏనుగు తొండం అటెందుకు తిరిగినాదంటాది. నా దవడలు నొప్పెట్టేసినాయి," అంది. గోడ చివర, వరస ఆఖర్న, డౌటు గీసిన బొమ్మ ఒకటుంది. చిన్న బస్సు. దాని పక్కన చేతిలో కాగితం పట్టుకుని బస్సుకంటే పెద్దగా ఒక మనిషి. ఎవరని అడిగే ధైర్యం చెయ్యలేదు.

తిరుగు దారిలో అనాసపళ్ళన్నీ పిల్లలే కొనేసి, మావ చాకుతో కోసుకుని తినేశారు. సీట్లన్నీ జిగురైపోయాయని మావ సణుగుతూనే రెండు పళ్ళు ఇంటికి దాచుకున్నాడు. బుట్ట ఖాళీ అయినా మామ్మ సంతకి వెళ్ళాల్సిందే అంది, కూతురు అక్కడ ఎదురుచూస్తుందట. సీతంపేటలో దింపితే, దిగేముందు నన్ను చూపించి, పిల్లలందరికీ వినపడేలా, కండట్రు మంచిదే గానీ కొత్తది అని చెప్పి వెళ్ళింది.

నరసన్నపేటలో బస్సు ఆగేసరికి డౌటు వాళ్ళ నాన్న నిలబడి ఉన్నాడు. దాచేద్దామని కామర్సు మాస్టారు అయితే సలహా ఇచ్చి ఉండేవారేమో, నాకు మాత్రం ఆ మనిషి ముఖం చూస్తూ దాచడం చేతకాలేదు. జరిగినదంతా అక్కడే చెప్పేశాను. తప్పు నాదే, లెక్క చూసుకున్నాను గానీ పిల్లని చూసుకోలేదు అన్నాను. ఆయన తలపాగా విప్పి భుజాన వేసుకుని, కూతురి చేతులకి ఎండిపోయిన పిండి వంక చూశాడు.

"ఎంతసేపుందమ్మా వాళ్ళింటికాడ?"

రెండు గంటలండీ అన్నాను.

"రెండు గంటలూ ఇది మాటాడతానే ఉన్నాదా?"

అవునన్నాను.

"వాళ్ళేటీ అన్నేదా?"

అన్నం పెట్టారని చెప్పాను.

"మంచోళ్ళు," అన్నాడు ఆయన నిజమైన ఆశ్చర్యంతో. క్యారియరు అందుకుని, వెళ్ళబోతూ ఆగి, పైయేడు కూడా తీసుకెళ్ళమని చెప్పాడు.

మర్నాడు హాజరు గారి గదిలోకి రాజీనామా చెయ్యడానికి సిద్ధపడే వెళ్ళాను. ఆయన అంతా విని, రిజిస్టరు తెరిచి, వెళ్ళినవారు నలభై రెండు, వచ్చినవారు నలభై రెండు, ఇందులో తప్పేముందమ్మా అన్నారు. మధ్యలో ఒకరు తగ్గారు కదా సార్ అంటే, మధ్యలోదానికి కాలమ్ లేదన్నారు. అనుభవం వచ్చింది కాబట్టి వచ్చే ఏడు కూడా నేనే ఇన్‌చార్జినని చెప్పి పంపేశారు. అలా తొమ్మిదేళ్ళు నేనే. ఆ తొమ్మిదేళ్ళూ ఊరు ఊరికీ పేర్లు పిలిచాను, మావ విసుక్కునేంతగా.

డౌటు ఎచ్చెర్ల యూనివర్సిటీలో పై చదువు చదివి ఇప్పుడు తనూ ఒక కాలేజీలో పాఠాలు చెబుతోంది. మొన్న శీతాకాలంలో మా ఆయనతో కలిసి ఆ కొండలవైపు వెళ్ళాను. ఈసారి పట్టిక లేదు. (ఉంది, కానీ ఆయనకి చూపించలేదు.) ఆ ఊళ్ళో దిగి ఆ ఇల్లు వెతుక్కుంటూ వెళితే, గోడ కొత్తగా అలికి ఉంది, బొమ్మలన్నీ కొత్తవి. ఇంటావిడ జుట్టు నెరిసింది. నన్ను గుర్తుపట్టలేదు. ఫలానా కాలేజీ అని, ఒక పిల్ల ఇక్కడ ఉండిపోయిందని చెప్పేసరికి ముఖమంతా వెలిగి, ఆ అడుగుళ్ళ గుంట బాగున్నాదా, పెళ్ళయిందా, ఇంకా అలాగే అడుగుతన్నాదా అని వరసగా ప్రశ్నలు వేసింది. అన్నిటికీ జవాబులు చెప్పాను. అప్పుడు ఆగి, నన్ను పైనుంచి కింద దాకా చూసింది. నెరిసిన నా పాపిడి, కళ్ళజోడు, ఇద్దరు పిల్లల తల్లినైన నా వైభవం అంతా చూసి, నెమ్మదిగా అడిగింది.

"ఆ రోజు ఈ అరుగు మీద కూకుని ఏడిసిన సిన్నపిల్లవి నువ్వేనేటి?"

మా ఆయన నావైపు తిరిగారు. పన్నెండేళ్ళుగా ఆయనకి నేను ఈ కథ చెబుతూనే ఉన్నాను గానీ, ఏడ్చిన భాగం ఎప్పుడూ చెప్పలేదు. నేను కాదని అనబోయాను. తర్వాత ఎందుకో ఆ ఇరవై మూడేళ్ళ మేడమ్ మీద నాకే ముద్దొచ్చింది.

"నేనే," అన్నాను.